1/72 సీ హారియర్ ఎఫ్‌ఆర్‌ఎస్ 1 కిట్‌ను మన నౌకాదళపు ఎఫ్‌ఆర్‌ఎస్ 51గా మార్చడానికి ఏయే పనులు తప్పనిసరి?

భీమిలి తీరం:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఎయిర్‌ఫిక్స్ వారి 1/72 స్కేలు (అసలులో 72వ వంతు) సీ హారియర్ యుద్ధవిమానపు ఎఫ్‌ఆర్‌ఎస్ 1 రకం ప్లాస్టిక్ మోడల్ కిట్ ఒకటి ఉంది. పెట్టెలోని డెకాల్స్ (నీటిలో తడిపి అతికించే గుర్తులు) బ్రిటిష్ నౌకాదళానివి. నేను మాత్రం దానిని భారత నౌకాదళపు 300వ స్క్వాడ్రన్, అంటే వైట్ టైగర్స్, నడిపిన ఎఫ్‌ఆర్‌ఎస్ 51గా కట్టదలచుకున్నాను. ఇంతవరకు కిట్లను పెట్టెలో ఉన్నవి ఉన్నట్టుగానే కట్టాను తప్ప, ఒక రకాన్ని మరొక రకంగా మార్చే పనికి గానీ, అదనపు వివరాలు చేర్చే పనికి గానీ ఎన్నడూ పూనుకోలేదు.

నా సందేహాలలో మొదటిది, ఈ రెండు రకాల మధ్య విమానం ఆకారంలో నేను కోసి అతికించవలసినంత తేడా ఏదైనా ఉన్నదా అన్నది. రెండవది కాక్‌పిట్ గురించి. విదేశాల నుంచి వచ్చే, రెజిన్‌తో పోత పోసిన కాక్‌పిట్, ఫోటో ఎచ్ రేకుల (రసాయనంతో చెక్కిన పలుచటి లోహపు వివరాల) ఖరీదు, దాని మీద పడే సుంకం కలిపి చూస్తే కిట్ ధరను దాటిపోతున్నది కనుక, వాటిని కొనకుండా సొంతంగా చేసుకోవడం ఈ స్కేలులో సాధ్యమేనా? ప్యానెల్ గీతలు (విమానం రేకుల మధ్య అతుకులను చూపే గాడులు) కొంచెం వెడల్పుగా కనిపిస్తున్నాయి, వాటిని పూడ్చి మళ్లీ గీయాలా? చివరగా, విశాఖ బీచ్‌రోడ్డులో ప్రదర్శనకు ఉంచిన సీ హారియర్ రంగుకూ, పాత ఫోటోలలో కనిపించే రంగుకూ పొంతన కుదరడం లేదు. దేనిని ప్రమాణంగా తీసుకోవాలి? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఉప్పుకాగితం:

భీమిలి తీరం గారూ, మంచి విమానాన్ని ఎంచుకున్నారు. రంపం పట్టే ముందు ఏ సంవత్సరపు విమానాన్ని కడుతున్నారో తేల్చుకోండి. మీరు అడిగిన నాలుగు ప్రశ్నలలో మూడింటికి జవాబు ఆ సంవత్సరం మీదనే ఆధారపడి ఉంటుంది. మన సీ హారియర్లలో మొదటివి 1983 డిసెంబరులో గోవాలోని దబోలిమ్‌కు చేరాయి, చివరివి 2016 మే నెలలో అక్కడే సేవ నుంచి తప్పుకున్నాయి. ముప్పై రెండేళ్లకు పైబడిన ఈ కాలంలో అవి మొదట పాత విక్రాంత్ అనే విమానవాహక నౌక మీద, 1987లో అలాంటిదే అయిన విరాట్ మన నౌకాదళంలో చేరిన తరువాత దాని మీద కూడా పనిచేశాయి. రంగు మారింది, ఆయుధాలు మారాయి, చివరి దశలో కొన్నింటికి రాడార్ కూడా మారింది. అందువల్ల "మన నౌకాదళపు సీ హారియర్" అనే మాట మోడల్ కట్టేవాడికి చాలదు. ఒక నంబరు గల ఒక విమానం, దానిని ఒక కాలంలో తీసిన ఫోటోలు, వీలైతే రెండు వైపులవీ, మీ బల్ల మీద ఉండాలి. మన ఏక ఆసన విమానాలు ఐఎన్ 601 నుంచి ఐఎన్ 623 వరకు మొత్తం ఇరవై మూడు కనుక, వెతకవలసిన పరిధి మరీ పెద్దదేమీ కాదు.

ఇక ఆకారం సంగతి. మీకు ఊరట కలిగించే విషయమేమిటంటే, ఎఫ్‌ఆర్‌ఎస్ 51 అనేది ఎఫ్‌ఆర్‌ఎస్ 1కు చాలా దగ్గరి తోబుట్టువు. పైలట్‌కు అందే ఆక్సిజన్ ద్రవరూపంలో కాక వాయురూపంలో ఉండటం వంటి లోపలి మార్పులు మోడల్‌లో కనిపించేవి కావు. బయటికి కొట్టవచ్చినట్టు కనిపించే తేడా క్షిపణులలో ఉంది. బ్రిటిష్ వారు సైడ్‌వైండర్ వాడితే, మనవారు ఫ్రెంచి మాత్రా సంస్థ చేసిన ఆర్ 550 మ్యాజిక్‌ను ఎంచుకున్నారు. కాబట్టి మీరు విమానాన్ని కోయనవసరం లేదు, రెక్కల కింద వేలాడేవాటిని మార్చాలి.

కిట్‌లోని సైడ్‌వైండర్‌కే ముందు రెక్కలు మార్చి మ్యాజిక్ అనిపించవచ్చునని కొందరు సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను. సైడ్‌వైండర్ వ్యాసం 127 మిల్లీమీటర్లు, మ్యాజిక్ వ్యాసం 157 మిల్లీమీటర్లు. 1/72లో ఇవి దాదాపు 1.8, 2.2 మిల్లీమీటర్లు అవుతాయి. కాగితం మీద ఇది స్వల్పమే గానీ, సన్నటి గొట్టం లాంటి వస్తువులో కన్ను దీనిని ఇట్టే పట్టేస్తుంది. పొడవు మాత్రం మ్యాజిక్‌దే కొంచెం తక్కువ, 2.75 మీటర్లు, అంటే మీ స్కేలులో 38 మిల్లీమీటర్లు. పొట్టిగా, లావుగా ఉండటమే దాని రూపం. పైగా మ్యాజిక్ ముందు భాగంలో రెండు వరుసల చిన్న రెక్కలు ఉంటాయి. మొదటి నాలుగు కదలనివి, వాటి వెనుకనే ఉన్న నాలుగు కదిలేవి. ఈ జంట వరుస కనిపించకపోతే తెలిసినవారెవరూ దానిని మ్యాజిక్ అనుకోరు.

అన్నిటికంటే సులభమైన దారి మిరాజ్ 2000 కిట్ కట్టిన మిత్రులను అడగడం. ఆ కిట్లలో మ్యాజిక్‌లు సాధారణంగా వస్తాయి, కొందరి పెట్టెల్లో అవి వాడకుండా మిగిలిపోతాయి. దొరకకపోతే 2 మిల్లీమీటర్ల స్టైరీన్ ప్లాస్టిక్ కడ్డీని 38 మిల్లీమీటర్లకు కోసి, హ్యాండ్ డ్రిల్‌కు బిగించి నెమ్మదిగా తిప్పుతూ ఉప్పుకాగితంతో ముక్కు గుండ్రంగా చేయండి. రెక్కలను 0.25 మిల్లీమీటర్ల రేకులో కోయవచ్చు. వ్యాసంలో మిగిలిన ఆ కొద్దిపాటి తేడాలో కొంత ప్రైమరు, రంగు పొరలు పూడుస్తాయి. నాలుగు రెక్కలు నాలుగు దిక్కులా సరిగ్గా నిలబడటానికి ఒక కాగితం మీద కూడిక గుర్తు గీసి, దాని మధ్యలో క్షిపణిని నిలువుగా నిలిపి, పై నుంచి చూస్తూ అతికించండి. క్షిపణితో పాటు దానిని మోసే పట్టా కూడా సైడ్‌వైండర్‌ది కాదని మరచిపోవద్దు. దాని పొడవు, ముందు కొస వంపు ఫోటో చూసి సరిచేయాలి. ఒక్కొక్క బయటి పైలాన్‌కు (రెక్క కింద ఆయుధాలు తగిలించే ఆధారానికి) ఒక్కొక్క మ్యాజిక్ చాలు. కిట్లలో కొన్నిసార్లు వచ్చే జంట సైడ్‌వైండర్ పట్టాలు ఇక్కడ పనికిరావు.

సీసపు తీగ:

ఉప్పుకాగితం గారు క్షిపణుల విషయం పూర్తిగా చెప్పారు కనుక నేను కాక్‌పిట్, ఇన్‌టేక్‌లు (ఇంజనుకు గాలి వెళ్లే దారులు), నాజిళ్ల (ఇంజను గాలి బయటికి వచ్చే మూతుల) వరకే పరిమితమవుతాను.

సొంతంగా కాక్‌పిట్ చేసుకోవడం ఈ స్కేలులో సాధ్యమే, కాకపోతే ఎంతవరకు అన్నది ముందే నిర్ణయించుకోవాలి. మూసిన కానోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) కింద 1/72లో బయటికి కనిపించేవి సీటు పైభాగం, దాని పట్టీలు, ఎజెక్షన్ పిడి (ప్రమాదంలో సీటుతో సహా బయటపడటానికి పైలట్ లాగేది), ముందు పలక మీది నీడ, అంతే. పక్క పలకల మీది మీటలు ఒక్కొక్కటిగా చేసినా మూత పడ్డాక వాటిని చూసేవారుండరు. కానోపీని తెరిచి ఉంచదలచుకుంటే మాత్రం లెక్క మారుతుంది. నా అభిప్రాయంలో మీ శ్రమలో ఎక్కువ భాగం సీటు మీద పెట్టండి. సీ హారియర్‌లోనిది మార్టిన్ బేకర్ వారి 10హెచ్ సీటు. కిట్ సీటు పక్కలు సాధారణంగా దళసరిగా ఉంటాయి. వాటిని పలుచగా గీకి, తలానించే పెట్టెను 0.5 మిల్లీమీటర్ల రేకు ముక్కలతో మళ్లీ కట్టండి. పట్టీలకు మాస్కింగ్ టేపును సన్నగా చీల్చి వాడితే చాలు, దానిని కొంచెం మడతలు పడేలా అతికించాలి, ఇస్త్రీ చేసినట్టు ఉండకూడదు. పైలట్ తొడల మధ్య ఉండే ఎజెక్షన్ పిడికి పసుపు, నలుపు చారలుంటాయి. పాత ఫోను తీగ లోపలి సన్నటి రాగి పోగులు రెండు తీసుకుని, ఒకదానికి పసుపు, మరొకదానికి నలుపు వేసి, ఆరిన తరువాత రెండింటినీ కలిపి మెలివేసి చిన్న ఉచ్చుగా వంచితే కుంచెతో ఎవరూ గీయలేని చారలు వస్తాయి.

కానోపీ గాజు మీద మెలికలు తిరిగిన గీత ఒకటి కనిపిస్తుంది. అది పైలట్ బయటపడే ముందు గాజును పగలగొట్టే పేలుడు తాడు. కొన్ని కిట్లలో దానిని గాజు మీదనే ఉబ్బెత్తుగా అచ్చు పోస్తారు, కొన్నింటిలో డెకాల్‌గా ఇస్తారు. ఉబ్బెత్తుగా ఉంటే లేత బూడిద రంగును కుంచె కొనతో కాక, కుంచె పక్కతో మెల్లగా రాసి వదలండి.

ఇన్‌టేక్‌ల దగ్గర మాత్రం దయచేసి పిసినారితనం చూపవద్దు. హారియర్‌ను ముందు నుంచి చూసిన ఎవరి కన్నయినా మొదట పడేది ఆ రెండు పెద్ద రంధ్రాల మీదనే. లోపలి అతుకు గీతను పుట్టీతో పూడ్చి, పెన్సిలుకు చుట్టిన ఉప్పుకాగితంతో నున్నగా చేయాలి. తరువాత ఇన్‌టేక్ అంచు వెనుక చుట్టూ వరుసగా ఉండే చిన్న తలుపుల సంగతి. ఇంజనుకు అదనపు గాలి అవసరమైనప్పుడు అవి లోపలికి తెరుచుకుంటాయి. వాటికి మోటార్లు లేవు, గాలి పీడనానికే కదులుతాయి. కాబట్టి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పై భాగపు తలుపులు తమ బరువుకు తామే లోపలికి వాలిపోతాయి, కింది భాగపువి మూసుకునే ఉంటాయి. నేల మీద ఆగిన హారియర్‌కు అన్ని తలుపులూ మూసి కడితే, ఎంత చక్కగా రంగు వేసినా తెలిసినవారికి ఏదో వెలితిగా తోస్తుంది. కిట్‌లో అన్నీ మూసి ఉంటే పై తలుపుల అంచుల వెంట రంధ్రాలు తొలిచి, ముక్కను తీసివేసి, వెనుక నుంచి పలుచటి రేకును వాలుగా అతికించండి. ఈ ఒక్క పని రెజిన్ కాక్‌పిట్ కొన్నదానికంటే మోడల్‌కు ఎక్కువ ప్రాణం పోస్తుందని నా నమ్మకం.

నాలుగు నాజిళ్లూ ఒకే యంత్రాంగంతో ముడిపడి కలిసి తిరుగుతాయి. అందువల్ల ఒకటి వెనక్కు, మరొకటి కిందికి ఉండేలా అతికించడం అసాధ్యమైన విమానాన్ని కట్టడమే. ముందరి రెండింటి నుంచి వచ్చేది ఇంజను ముందు భాగపు ఫ్యాన్ తోసే గాలి, వెనుక రెండింటి నుంచి వచ్చేది మండిన వాయువు. ఈ తేడా రంగులో కనిపించాలి. ముందరి వాటికి కాలిన లోహపు నీలి, గోధుమ ఛాయలు వేయకండి. ఆ ఛాయలు వెనుకవాటికి, వాటి వెనుక విమానం పక్కన ఉండే ఉక్కు రక్షణ రేకుకు మాత్రమే తగినవి. ముక్కు కింద, తోక కొసన, రెక్క కొసల దగ్గర చిన్న గాలి రంధ్రాలుంటాయి. గాలిలో నిశ్చలంగా నిలిచినప్పుడు విమానాన్ని అదుపు చేసేవి అవే. కిట్‌లో అవి లోతు లేని గుంటలుగా ఉంటే సన్నటి డ్రిల్‌తో తొలచండి.

ముక్కు కొసన ఉండే పిటో గొట్టాన్ని (వేగం తెలుసుకోవడానికి వాడే సన్నటి గొట్టాన్ని) ప్లాస్టిక్‌తో ఉంచవద్దు, అది ఎలాగూ విరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే 23 గేజ్ ఇంజెక్షన్ సూది బయటి వ్యాసం దాదాపు 0.64 మిల్లీమీటర్లు, 30 గేజ్‌ది దాదాపు 0.31 మిల్లీమీటర్లు. రెండవది మొదటి దాని లోపలికి సరిగ్గా దూరుతుంది కనుక, మెట్టులా సన్నబడే పిటో గొట్టం ఖర్చు లేకుండా తయారవుతుంది. సూదిని కత్తిరించేటప్పుడు కటింగ్ ప్లయర్ వాడితే గొట్టం నొక్కుకుపోతుంది, ఆకురాయితో చుట్టూ గీత పెట్టి విరవండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

సోమర్‌సెట్ తెలుగువాడు:

నేను ఇంగ్లండు నైరుతి ప్రాంతంలో ఉంటాను, యోవిల్టన్‌లోని నౌకా వైమానిక మ్యూజియం మాకు దగ్గరే. అక్కడి సీ హారియర్ల ఫోటోలు కావాలంటే పంపగలను గానీ, ముందుగా ఒక హెచ్చరిక. బ్రిటిష్ వారు తమ ఎఫ్‌ఆర్‌ఎస్ 1లలో చాలావాటిని 1990ల నుంచి ఎఫ్‌ఏ 2 అనే కొత్త రకంగా మార్చివేశారు. మ్యూజియాలలో, అంతర్జాలంలో దొరికే దగ్గరి ఫోటోలలో ఎక్కువ భాగం ఎఫ్‌ఏ 2వే. దాని ముక్కు గుండ్రంగా, లావుగా ఉంటుంది, ముక్కు కొసన పిటో గొట్టం ఉండదు, రెక్క వెనుక శరీరంలో దాదాపు 35 సెంటీమీటర్ల అదనపు ముక్క చేరింది. మీ స్కేలులో అది సుమారు 5 మిల్లీమీటర్లు. మన నౌకాదళపు విమానాలకు ఈ మార్పులు జరగలేదు. అందుచేత ఎఫ్‌ఏ 2 కిట్ చౌకగా దొరికిందని కొనేవారు, ఎఫ్‌ఏ 2 ఫోటో చూసి వెనుక భాగపు ప్యానెల్ గీతలు దిద్దేవారు ఇద్దరూ ఇబ్బందిలో పడతారు. చక్రాల గూళ్లు, ప్రధాన చక్రాల కాలు, రెక్క కొసల కాళ్లు వంటి భాగాల వరకు ఆ ఫోటోలను నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్యానెల్ గీతల విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. 0.2 మిల్లీమీటర్ల వెడల్పు గల గీతను 72తో గుణిస్తే 14 మిల్లీమీటర్లకు పైన వస్తుంది. నిజమైన విమానం మీద రేకుల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉండదు కదా! ఈ లెక్క చూపి కిట్ మొత్తాన్ని పూడ్చి మళ్లీ గీయాలని వాదించేవారున్నారు. అయితే అంతకంటే సన్నటి గీతను అన్నిచోట్లా ఒకే తీరున గీయగల చేయి చాలా కొద్దిమందికే ఉంటుంది. వంకరగా గీసిన సన్నటి గీత కంటే తిన్నగా ఉన్న వెడల్పాటి గీత వంద రెట్లు నయం. మీకు ఇది మొదటి ప్రయత్నం కనుక గీతలను అలాగే ఉంచి, ప్రైమరు రెండు పలుచటి పొరలు ఎక్కువగా వేయండి. మిస్టర్ సర్ఫేసర్ 1000 వంటిది వాడితే గీతలు కొంత పూడి మెత్తబడతాయి. ఆ తరువాత గీతల్లోకి నల్లటి వాష్ (నీళ్లలా పలుచన చేసిన రంగు) పోయకండి. ముదురు బూడిద మీద దానికి ఒక్క ఛాయ మాత్రమే ముదురైన రంగు చాలు. అతుకులు రుద్దేటప్పుడు చెరిగిపోయిన గీతలను మాత్రం తిరిగి గీయక తప్పదు. వాటికి దళసరి లేబుల్ టేపును ఆసరాగా అతికించి, స్క్రైబర్‌ను బరువు పెట్టకుండా అనేకసార్లు లాగండి. మొదటి లాగుడులోనే లోతు కోరుకుంటే పనిముట్టు దారి తప్పుతుంది.

ఇంకొక సంగతి. హారియర్ చక్రాల అమరిక మామూలు విమానాల వంటిది కాదు. ముక్కు చక్రం, మధ్యలో జంట చక్రాలు ఒకే గీతలో ఉంటాయి, రెక్క కొసలకు రెండు సన్నటి కాళ్లుంటాయి. రెక్కలు 12 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి కనుక ఆ వాలులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక కాలు గాలిలో తేలుతుంది. అందుచేత రెక్కను అతికించేటప్పుడే రెండు కొసలూ బల్ల నుంచి సమానమైన ఎత్తులో ఉన్నాయో లేదో కొలవండి. ముక్కు, మధ్య కాళ్లు అతికించి బాగా గట్టిపడనిచ్చి, కొసల కాళ్లను చివరన, అద్దం పలక మీద మోడల్‌ను నిలిపి అమర్చండి. ముక్కులో కొంచెం సీసం పెట్టడం మరవద్దు. మధ్య చక్రాల పెద్ద తలుపులు కాలు దిగిన తరువాత మళ్లీ మూసుకుంటాయి. కిట్ సూచనల కాగితం వాటిని తెరిచి చూపినా, ఆగి ఉన్న విమానానికి మూసి ఉంచడమే సాధారణ స్థితి. దీనివల్ల ఆ గూటి లోపల వివరాలు చేర్చే శ్రమ కూడా తప్పుతుంది.

భీమిలి తీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ చదివాక, 1980ల చివరి కాలపు విమానాన్ని, కానోపీ మూసి, నేల మీద ఆగి ఉన్న స్థితిలో కట్టాలని నిశ్చయించుకున్నాను. ఇన్‌టేక్ తలుపులు తప్పక తెరుస్తాను. ఇక మిగిలినవి రంగు, డెకాల్స్. ముదురు బూడిద, తెలుపు కలిసిన పాత రంగుల అమరికకు ఏ సీసాలు కొనాలి? తెల్ల పులి బొమ్మను ఎలా సంపాదించాలి? పొట్ట కింద తుపాకులు ఉంచాలా, తీసేయాలా అన్నది కూడా తేలలేదు.

ఉప్పుకాగితం:

ప్రదర్శనలోని విమానాల గురించి మీరు మొదట అడిగినదానికి కూడా ఇక్కడే సమాధానం చెబుతాను. బీచ్‌రోడ్డులోనిది గానీ, గోవాలోని నౌకా వైమానిక మ్యూజియంలోనిది గానీ, ప్రదర్శనకు పెట్టిన విమానానికి రంగు వేసేవారు దొరికిన రంగు వేస్తారు, సముద్రపు గాలికి అది మళ్లీ వెలుస్తుంది, కొన్ని రంధ్రాలను మూసేస్తారు, యాంటెనాలు ఊడిపోతాయి. ఆకారం, కొలతలు, నాజిల్ లోపలి నిర్మాణం, చక్రాల కాలి మీద గొట్టాలు ఎటు నుంచి ఎటు వెళుతున్నాయి అన్నవి చూసుకోవడానికి అవి అమూల్యమైనవి. మీరు ఉన్న ఊళ్లోనే ఒకటి ఉండటం అదృష్టం, స్కేలు పుల్ల ఒకటి ఫ్రేములో పడేలా పట్టుకుని ఫోటోలు తీసుకోండి. రంగుకు మాత్రం సేవలో ఉన్న కాలపు ఫోటోలే ప్రమాణం.

మీరు ఎంచుకున్న కాలానికి పైన ఎక్‌స్ట్రా డార్క్ సీ గ్రే, కింద తెలుపు. బ్రిటిష్ ప్రమాణాల పట్టికలో ఆ బూడిద సంఖ్య 640. గుంజె వారి హెచ్ 333, హంబ్రోల్ 123 ఆ రంగుకే ఉద్దేశించినవి. తరువాతి కాలపు విమానాలలో తెలుపు పోయి మొత్తం బూడిదగా కనిపిస్తాయి. మీకు అది అవసరం లేదు. సీసాలోని రంగును ఉన్నది ఉన్నట్టు వేస్తే 1/72లో దాదాపు నలుపుగా కనిపిస్తుంది కనుక, లేత బూడిదను కొన్ని చుక్కలు కలపండి. పైగా ఓడ మీద ఎండకు, ఉప్పు గాలికి ఆ రంగు వెలిసి, అతుకులు వేసినట్టు అక్కడక్కడ కొత్తగా దిద్దిన మచ్చలతో ఉంటుంది. తెలుపును ముందు వేయండి. ఒకేసారి దట్టంగా కాక, లేత బూడిద ప్రైమరు మీద పలుచటి పొరలుగా, ఒక్కొక్క పొర ఆరనిస్తూ వేస్తే గీతలు పూడవు. రెండు రంగులు కలిసే సరిహద్దు విమానం పక్కన ఎంత కిందికి దిగుతుందో మీ ఫోటోలో చూసి, అక్కడ టేపు వేయండి.

తుపాకుల గూళ్లు తీసేయవచ్చు గానీ, ఆ చోటును ఖాళీగా వదలకూడదు. హారియర్ పొట్ట కింద 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకుల గూళ్లైనా ఉండాలి, లేదా వాటి స్థానంలో రెండు నిలువు పట్టీలైనా ఉండాలి. నేలకు కొట్టుకుని పైకి లేచే గాలిని పొట్ట కింద పట్టి ఉంచి, నిట్టనిలువుగా లేచేటప్పుడు విమానానికి ఊతమిచ్చేవి అవే. పట్టీలు పెట్టదలచుకుంటే, కిట్‌లో లేకపోయినా 0.5 మిల్లీమీటర్ల రేకుతో అరగంటలో చేయవచ్చు.

డెకాల్స్ విషయం కొంచెం చిక్కు. మన చుట్టుపక్కల దొరికే ఇంక్‌జెట్, లేజర్ యంత్రాలు తెలుపును ముద్రించలేవు. పులి తెల్లది, వెనుక రంగు ముదురు బూడిద. పారదర్శక డెకాల్ కాగితం మీద ముద్రిస్తే పులి మాయమై గీతలు మాత్రమే మిగులుతాయి. తెల్లటి డెకాల్ కాగితం మీద పులి చుట్టూ ఉన్న ఖాళీని విమానం రంగులో ముద్రించి అతికించేవారున్నారు గానీ, ముద్రించిన బూడిద ఎన్నడూ వేసిన బూడిదతో కలవదు. నేను సూచించేది ఇది. తోక మీద పులి వచ్చే చోట, దాని ఆకారానికి కొంచెం లోపలగా కత్తిరించిన స్టెన్సిల్‌తో తెలుపు రంగు వేసి, పారదర్శక కాగితం మీద నల్ల గీతలను ముద్రించి దాని మీద దించండి. గుండ్రటి చిహ్నాలకు ఇంత శ్రమ వద్దు. నారింజ, తెలుపు, ఆకుపచ్చ వలయాలను తెల్లటి కాగితం మీదనే ముద్రించి, వలయం అంచు వెంట కంపాస్ కట్టర్‌తో కోస్తే సరిపోతుంది. అక్షరాలు, అంకెలు విమానం రెండు వైపులా ఒకేలా ఉన్నాయని అనుకుని పని మొదలుపెట్టవద్దు. రెండవ వైపు ఫోటో దొరికేదాకా ఆగండి.

గోదారి గట్టు:

రంగు గురించి ఒక చిన్న చేర్పు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో లాకర్ రంగు గానీ, లాకర్ క్లియర్ కోటు గానీ కొడితే పైన తెల్లటి బూజు లాంటి పొర కమ్ముతుంది, ముదురు బూడిద మీద అది మరీ ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. కంప్రెసర్‌కు నీటిని పట్టే సీసా తప్పక ఉండాలి, పని మధ్యలో కూడా దానిని ఖాళీ చేస్తూ ఉండాలి. నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ గల థిన్నర్ వాడితే ఈ బెడద చాలా తగ్గుతుంది. అప్పటికే తెల్లబడి ఉంటే, అదే థిన్నర్‌ను ఒట్టిదిగా పలుచటి పొగలా కొడితే తరచుగా పోతుంది.

ఇంక్‌జెట్‌తో ముద్రించిన డెకాల్‌ను నీటిలో వేస్తే సిరా కరిగిపోతుంది. ముద్రించిన కాగితం రాత్రంతా ఆరిన తరువాత దాని మీద క్లియర్ లాకర్ రెండు పలుచటి పొరలు కొట్టి, అవి కూడా గట్టిపడ్డాకనే కత్తిరించండి. మెరిసే క్లియర్ కోటు మీదనే డెకాల్ దించాలి, లేకపోతే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం ఇలా ఇంట్లో ముద్రించిన వాటిని కొన్నిసార్లు ముడతలు పెట్టేస్తుంది కనుక, పులి మీద వాడే ముందు అదే కాగితం మీద మిగిలిన ముక్కను ఒక పాత రెక్క మీద దించి పరీక్షించండి. మిరాజ్ కిట్ నుంచి మిగిలిన మ్యాజిక్‌లు నా దగ్గర ఒక జత ఉన్నాయి, మీకు కావాలంటే సందేశం పంపండి. ముందు రెక్కల్లో ఒకటి విరిగింది గానీ, రేకుతో సులభంగా చేసుకోవచ్చు.